వచ్చినవాళ్లు మళ్లీ వచ్చే డాగ్ క్లబ్బు: మొదటి ఆదివారం నుంచి మొదటి పోటీ దాకా

మొట్టమొదట ఒక వర్కింగ్ డాగ్ క్లబ్బుకి (కుక్కలకి పని నేర్పి పరీక్షలకి, పోటీలకి తయారుచేసే చోటు) వెళ్లినప్పుడు కంచె పక్కన రెండు గంటలు నిలబడ్డాను. ఏ క్లబ్బో చెప్పను, ఇప్పుడు దానితో పనీ లేదు. లోపల అందరూ బిజీ. ఒక్కరూ పలకరించలేదు. చివర్లో ఒకాయన వచ్చి, బండి అద్దంలోంచి నా కుక్కను చూసి, "ఇది ఈ పనికి రాదండీ" అని చెప్పి వెళ్లిపోయాడు. కుక్క ఇంకా బండి దిగనే లేదు! ఏడాదిన్నర తర్వాత అదే కుక్క మరో చోట మొదటి పరీక్ష పాసైంది, అది వేరే సంగతి. నేను చెప్పొచ్చేదేంటంటే, ఈ ఆటలో కుక్క పని చేసేది పది నిమిషాలు, మిగిలిన మూడు గంటలూ మనుషులే ఒకరి కుక్క కోసం ఒకరు పని చేస్తారు. ఆ మనుషులు నిలబడకపోతే ఎంత గొప్ప కుక్కలున్నా క్లబ్బు ఏడాదిలో మూతపడుతుంది. అందుకే క్లబ్బు మొదలుపెట్టేవాళ్ల కోసం రాసిన ఈ గైడ్‌లో కుక్కల గురించి ఎంత ఉంటుందో మనుషుల గురించీ అంత ఉంటుంది.

1. ముందు ఏ ఆట ఆడతారో తేల్చుకోండి

వర్కింగ్ డాగ్ పోటీలు చాలా రకాలు. వాటిలో చాలా దేశాల్లో నడిచేది ఐజీపీ, అంటే పని కుక్కలకి పెట్టే అంతర్జాతీయ పరీక్ష. పాతవాళ్లు ఇప్పటికీ షుట్జ్‌హుండ్ అనే అంటారు. ఇది జర్మనీలో పుట్టింది. 1899లో మాక్స్ ఫోన్ స్టెఫానిట్జ్ జర్మన్ షెపర్డ్ క్లబ్బు మొదలుపెట్టాడు. ఆయన పట్టుదల అందం కాదు, పని. ఈ కుక్కలు కాసే గొర్రెల మందలు తగ్గుతూ వస్తుంటే, ఏ కుక్కలో పనితనం మిగిలి ఉందో, దేనికి పిల్లలు పుట్టించాలో తెలియడానికి ఒక పరీక్ష కావలసి వచ్చింది. అలా మొదలైన పరీక్షే తర్వాత పోటీ అయింది, మధ్యలో దాని పేరు ఐపీఓ అయింది, 2019 నుంచి ఐజీపీ.

ఇందులో మూడు భాగాలు: ట్రాకింగ్ (అడుగుల జాడ పట్టడం), ఒబీడియన్స్ (చెప్పిన మాట వినడం), ప్రొటెక్షన్ (ఎదురు నిలబడ్డ మనిషిని అడ్డుకోవడం). ఒక్కోదానికి 100 మార్కులు, ఒక్కోదాంట్లో కనీసం 70 రావాలి. మొత్తం 300లో 286 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అది అత్యుత్తమ శ్రేణి. రెండింట్లో 95 తెచ్చుకుని మూడోదాంట్లో 68 వస్తే ఫెయిలే. ఒక్క విషయంలో మెరిసే కుక్కను కాకుండా అన్నింట్లో నిలబడే కుక్కను వెతికే లెక్క ఇది, నాకు ఈ ఆట నచ్చడానికి అసలు కారణం కూడా ఇదే.

మొదటి ఏడాది మూడూ పెట్టుకోవద్దు. ఒబీడియన్స్, ట్రాకింగ్ చాలు. ప్రొటెక్షన్‌కి సరైన హెల్పర్ (కుక్కకి ఎదురు నిలబడే మనిషి) దొరికేదాకా ఆగండి. ఎందుకో కింద చెబుతాను. ఇంకో మాట, ప్రొటెక్షన్ శిక్షణ మీద కొన్ని దేశాల్లో చట్టపరమైన ఆంక్షలున్నాయి. మీ దగ్గర ఏముందో, ఇన్సూరెన్స్ ఏం అడుగుతుందో ముందే కనుక్కోండి.

2. నలుగురు మనుషులు, ఒక మైదానం

పదిహేనుమంది కోసం చూడొద్దు. ప్రతి వారం కచ్చితంగా వచ్చే నలుగురు, మహా అయితే ఆరుగురు దొరికితే క్లబ్బు ఉన్నట్టే. వాళ్లలో ఒకరికైనా ఏదో ఒక కుక్కను పరీక్షదాకా తీసుకెళ్లిన అనుభవం ఉండాలి. లేకపోతే నెలకోసారైనా బయటినుంచి అలాంటి మనిషిని పిలిపించుకోండి. వీడియోలు చూసి నేర్చుకోవచ్చు కానీ, బహుమతి తిండి కోసం మీ చెయ్యి ఒక అరసెకను ముందే జేబులోకి పోతోందని వీడియో మీకు చెప్పదు.

మైదానం చదునుగా, గుంటల్లేకుండా, గడ్డితో, చుట్టూ కంచెతో ఉంటే మంచిది. ఫుట్‌బాల్ గ్రౌండంత ఉంటే బ్రహ్మాండం, సగం ఉన్నా మొదలుపెట్టొచ్చు. బళ్లు నిలిపే చోట నీడ తప్పనిసరి, ఎందుకంటే కుక్కలు తమ వంతు వచ్చేదాకా అక్కడే ఉంటాయి. ట్రాకింగ్‌కి మాత్రం వేరే నేల కావాలి: దున్నిన చేను, కోత అయిపోయిన చేను, పచ్చిక బయలు. యజమానిని అడిగి, ఆయన వద్దన్న గట్టు దాటకుండా, కుక్క పెంట సంచిలో ఎత్తుకుని వస్తే మళ్లీ రానిస్తారు. ఒక్కసారి మొలకెత్తిన పైరు తొక్కితే చాలు, ఆ చుట్టుపక్కల ఇక ఎవరూ చేను ఇవ్వరు.

డబ్బు గురించి ఒక్క మాటే. చందా ఎంత, దేనికి ఖర్చయింది అన్నది ప్రతి నెలా అందరికీ కనిపించేలా రాసిపెట్టండి.

3. కొత్తవాళ్లు వచ్చిన రోజు

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే, చాలా క్లబ్బులు తేలిగ్గా తీసుకునేదీ ఇదే.

మొదటిసారి వచ్చేవాళ్లని కుక్కను తేవద్దనండి, లేదా తెచ్చినా బండిలోనే ఉంచమనండి. ఆ రోజు వాళ్లకో మనిషిని కేటాయించండి. అధ్యక్షుడు అక్కర్లేదు, నిన్నమొన్న చేరినవాళ్లయితే ఇంకా మంచిది, ఎందుకంటే ఏది అర్థం కాదో వాళ్లకి ఇంకా గుర్తుంటుంది. ఆ మనిషి పని ఒక్కటే: పక్కన నిలబడి జరిగేది చెబుతూ ఉండటం. "ఇప్పుడు చూడండి, కుక్క ఆమె కళ్లలోకి చూస్తోంది కదా, అలా చూసినందుకే ఆమె బంతి ఇచ్చింది." ఇంతే.

తర్వాత ఒక పని చేతికివ్వండి. మేం ఒబీడియన్స్‌లో "గుంపు"గా నిలబడమంటాం. పరీక్షలో కుక్క, యజమాని కలిసి నలుగురు కదులుతున్న మనుషుల మధ్యలోంచి నడవాలి, కాబట్టి ప్రాక్టీసులో ఆ మనుషులు ఎప్పుడూ కావాలి. వచ్చిన పావుగంటలో కొత్త మనిషి మైదానం మధ్యలో నిలబడి, ఒక షెపర్డ్ తన మోకాలు రాసుకుంటూ తన వంక చూడకుండా వెళ్లిపోవడం చూస్తాడు. ఎంత లెక్చరిచ్చినా అంత అర్థం కాదు. పైగా ఆ రోజే క్లబ్బుకి పనికొచ్చాడు కూడా.

రెండో వారం కుక్కను చూడండి. ఖాళీ మైదానంలోకి పొడవాటి తాడుతో వదిలి, ఐదు నిమిషాలు ఏమీ అనకుండా గమనించండి. వాసనలు చూస్తుందా, యజమాని దగ్గరికి తిరిగొస్తుందా, బంతి విసిరితే వెంటపడుతుందా, తిండికి లొంగుతుందా, కింద పడ్డ ఇనుప గిన్నె చప్పుడుకి ఉలిక్కిపడి మళ్లీ తేరుకుంటుందా. ఉలిక్కిపడటం తప్పు కాదు, తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందన్నదే చూడాలి.

ఆ తర్వాత నిజం చెప్పండి, కానీ దారి చూపించి చెప్పండి. పెద్ద శబ్దానికి బండి కిందికి దూరే కుక్కకి ప్రొటెక్షన్ వద్దు. కానీ అదే కుక్క ట్రాకింగ్‌లో నేలకి ముక్కు పెట్టి ప్రపంచాన్ని మర్చిపోవచ్చు. మిశ్రమ జాతి కుక్కో, పొట్టి కుక్కో వస్తే నవ్వొద్దు. ట్రాకింగ్, ఒబీడియన్స్, వాసన పట్టే ఆటలు ఏ కుక్కకైనా ఉన్నాయి. "మీ కుక్క ఎంతకి కొన్నారు?" అన్న ప్రశ్నను మాత్రం మా క్లబ్బులో మొదటి రోజు నిషేధించాం, సగం సరదాకి, సగం నిజంగానే.

4. శిక్షణ రోజు క్రమం

ఎవరి వంతు ఎప్పుడో బోర్డు మీద రాయండి. మైదానంలో ఒక్క కుక్కే. మిగిలినవి బండిలో బోనులో, గాలి ఆడేలా, నీళ్లు అందుబాటులో ఉండేలా. కుక్కను దింపేముందు గట్టిగా "కుక్క వస్తోంది" అని అరవాలి, ఎవరైనా సరే. మేం ఈ అలవాటు ఆలస్యంగా నేర్చుకున్నాం. ఒకసారి రెండు బళ్ల తలుపులు ఒకేసారి తెరుచుకుని, రెండు మగ కుక్కలు మధ్యలో కలుసుకున్నాయి. ఒకదాని చెవికి కుట్లు పడ్డాయి. అప్పట్నుంచి అరవడానికి ఎవరూ సిగ్గుపడలేదు.

కుక్కలని ఒకదానికొకటి "పరిచయం" చేయొద్దు. ఇక్కడ అవి స్నేహాలు చేయడానికి రాలేదు, పక్క కుక్క ఉన్నా పట్టించుకోకపోవడం నేర్చుకోవడానికి వచ్చాయి. ఎదకొచ్చిన ఆడ కుక్కది చివరి వంతు. టీకాల కార్డు చూడకుండా ఎవరినీ రానివ్వొద్దు.

ఎండ ఎక్కితే ఆపేయండి. కుక్క మామూలు ఒంటి వేడి 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. 41 దగ్గరికి వెళ్తే ప్రాణం మీదికొచ్చినట్టే. నాలుక వెడల్పై బయటికి వేలాడటం, చిగుళ్లు ఎర్రబారడం, అడుగు తడబడటం కనిపిస్తే నీడకి తీసుకెళ్లి ఒళ్లంతా నీళ్లు పోస్తూ గాలి తగిలేలా చేసి, వెంటనే డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి. మరో సంగతి: ఛాతీ లోతుగా ఉండే పెద్ద జాతులకి కడుపు ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది, అది గంటల్లో ప్రాణం తీస్తుంది. అందుకని కడుపునిండా తిన్న కుక్కతో గట్టి పని చేయించొద్దు, పని అయిన వెంటనే కూడా పెద్ద భోజనం పెట్టొద్దు. ఎముకలు ఇంకా ఎదుగుతున్న పిల్లలతో ఎత్తు దూకించడం అసలు వద్దు, ఏడాది దాటేదాకా నేలమీద పెట్టిన కర్ర దాటితే చాలు.

5. ఒబీడియన్స్: జేబులో చెయ్యి

ఒక్కో కుక్కకి మూడు నుంచి ఐదు నిమిషాలు. అంతకంటే ఎక్కువైతే కుక్కకి కాదు, మనకి ప్రాక్టీసు.

మొదట ఒక మాట నేర్పండి, "యస్" అనో "సరే" అనో, దాని అర్థం "బహుమతి వస్తోంది" అని. మాట, ఆ వెంటనే తిండి. ఇరవై ముప్ఫైసార్లు చేస్తే ఆ మాట వినగానే తల తిప్పుతుంది. ఇక ఆ మాటతో ఏ క్షణంలో ఏది బాగుందో చెప్పొచ్చు. కొత్తవాళ్లందరూ చేసే తప్పు ఒకటే, నేనూ ఏడాదిపాటు చేశాను: ముందు చెయ్యి జేబులోకి పోతుంది, తర్వాత మాట వస్తుంది. కుక్క మాట వినడం మానేసి జేబు చూడటం మొదలుపెడుతుంది. పరీక్ష రోజు మైదానంలోకి తిండి, బంతి రెండూ తీసుకెళ్లనివ్వరు, కాబట్టి జేబు చూసే కుక్కకి ఆ రోజు చూడటానికి ఏమీ ఉండదు. మాట ముందు, తర్వాత చెయ్యి. పక్కన ఒకరు నిలబడి ఇదొక్కటే గమనిస్తూ "చెయ్యి!" అని అరిస్తే రెండు వారాల్లో పోతుంది.

ఆజ్ఞ ఒక్కసారే. "కూర్చో, కూర్చో, కూర్చో" అంటే కుక్కకి తెలిసేది మూడోదాకా ఆగొచ్చని. చాలా క్లబ్బుల్లో జర్మన్ మాటలే వాడతారు: సిట్జ్ (కూర్చో), ప్లాట్జ్ (పడుకో), ఫూస్ (పక్కన నడువు), హియర్ (ఇటు రా). ఇంట్లో మాటల్లో కలవవు కాబట్టి సౌకర్యం. అంతకు మించి వాటిలో మహత్యం ఏమీ లేదు.

విమర్శకి మా పద్ధతి ఇది. కుక్క మైదానం దాటి బోనులోకి వెళ్లాకే మాట్లాడాలి, శిక్షణ ఇస్తున్నది ఒక్కరే అయితే ఆ ఒక్కరే మాట్లాడాలి. కంచె మీదినుంచి ఐదుగురు ఐదు సలహాలిస్తే యజమానికి టెన్షన్, ఆ టెన్షన్ తాడు గుండా నేరుగా కుక్కకి.

6. ట్రాకింగ్: ఉదయం ఆరింటి పని

ఇది చూడటానికి బోరుగా ఉంటుందని చాలామంది దాటేస్తారు. నాకు మాత్రం ఈ మూడింట్లో ఇదే ప్రాణం.

మనిషి నడిచినప్పుడు గడ్డి నలుగుతుంది, మట్టి కదులుతుంది, మనిషి వాసన కూడా పడుతుంది. ఇవన్నీ కలిసిన వాసనను కుక్క అడుగడుక్కీ ముక్కు దించి పట్టుకుంటూ వెళ్లాలి, గాలిలో తల ఎత్తి అడ్డదారి పట్టకూడదు. మొదటి రోజు ఇలా చేయండి: మంచు ఇంకా ఆరని పొద్దున్నే, గడ్డిలో ఒక చిన్న జెండా పాతి, దాని ముందు మూడడుగుల చదరాన్ని కాళ్లతో బాగా తొక్కండి. అందులో చిన్న చిన్న మాంసం ముక్కలు, వేలి గోరంత, ఇరవై చల్లండి. పది నిమిషాలు ఆగి కుక్కను తీసుకొచ్చి ఊరకే నిలబడండి. తొక్కిన చోట తిండి ఉంది, తొక్కని చోట లేదు. నాలుగైదు రోజుల్లో అది ఆ గీత దాటగానే వెనక్కి తిరుగుతుంది. ఆ వెనక్కి తిరగడం చూసిన రోజే ట్రాకింగ్ మొదలైందని లెక్క.

తర్వాత ఆ చదరంలోంచి నేరుగా పది అడుగులు, మడమకి బొటనవేలు ఆనించినట్టు దగ్గరదగ్గరగా, ప్రతి అడుగులో ఒక ముక్క. ఆ తర్వాత ఇరవై, ముప్ఫై. నెమ్మదిగా కొన్ని అడుగులు ఖాళీ వదలండి. మలుపు అప్పుడే వద్దు. మలుపు మొదలుపెట్టాక, మలుపు దాటిన మొదటి మూడడుగుల్లో తప్పక తిండి ఉండాలి. జాడ వేసిన మనిషి పడేసిన వస్తువు దొరికితే దాని ముందు పడుకోవడం ఇంట్లోనే విడిగా నేర్పి తర్వాత కలపండి.

ఎక్కడికి చేరాలో తెలియడానికి: ఐజీపీ 1లో జాడ యజమానే వేస్తాడు, సుమారు 300 అంగలు, రెండు మలుపులు, వేశాక 20 నిమిషాలు ఆగాలి. ఐజీపీ 3లో పరాయి మనిషి వేసిన 600 అంగలు, నాలుగు మలుపులు, గంట పాతది. కుక్క వెనక 10 మీటర్ల తాడు.

ఇక మనుషుల సంగతి. జాడ వేసేటప్పుడు దూరంలో ఒక చెట్టునో స్తంభాన్నో గురి పెట్టుకుని నడవాలి, మలుపు ఎక్కడో కాగితం మీద గీసుకోవాలి. ఒకసారి నేను గీసుకోలేదు. కుక్క ఎడమకి తిరిగింది, నేను తప్పనుకుని తాడు బిగించాను. అది నా ముఖంలోకి చూసి, మళ్లీ ఎడమకే లాగింది. పది అడుగుల తర్వాత నేను పడేసిన చేతి తొడుగు దొరికింది. దానికి నేను బాకీ పడ్డ క్షమాపణ ఇంకా అలాగే ఉంది. పై స్థాయికి వెళ్లేకొద్దీ మీ జాడ వేరేవాళ్లు వేయాలి, వాళ్లది మీరు వేయాలి, అంటే తెల్లారకముందే లేచి పరాయి కుక్క కోసం చేలో నడవాలి. ఎవరెవరు ఎన్ని జాడలు వేశారో మేం బోర్డు మీద గీతలు పెడతాం. పోటీకి ఎవరిని ముందు పంపాలన్న తగువొస్తే ఆ గీతలే చూస్తాం.

7. ప్రొటెక్షన్: హెల్పర్ లేకుండా వద్దు

చేతికి మందపాటి స్లీవ్ తొడుక్కుని కుక్కకి ఎదురు నిలబడే మనిషి హెల్పర్. బలమున్నవాడెవడైనా చేసేయొచ్చనుకుంటే అది పెద్ద పొరపాటు. కుక్క ఎటునుంచి వస్తుందో చూసి, స్లీవ్‌తో అందుకుంటూ దాని వేగంతో పాటు తిరగాలి. గోడలా నిలబడితే కుక్క మెడ దెబ్బతింటుంది. ఎప్పుడు ఒత్తిడి పెట్టాలి, ఎప్పుడు వెనక్కి తగ్గి కుక్కను గెలవనివ్వాలి అన్నది ఏళ్లు పట్టే విద్య. మీ క్లబ్బులో ఎవరికైనా ఆసక్తి ఉంటే, అనుభవమున్న హెల్పర్ దగ్గర కుక్క లేకుండా నెలల తరబడి కాళ్ల కదలిక నేర్చుకోవాలి.

మొదలయ్యేది కోపంతో కాదు, ఆటతో. గుడ్డపీలిక, తర్వాత మెత్తటి దిండు, తర్వాత స్లీవ్. నోటినిండా, ప్రశాంతంగా, జారకుండా పట్టుకోవాలి. వదలమంటే వదలాలి. ఆ వదలడం రాని కుక్కను ముందుకి తీసుకెళ్లొద్దు.

మొరిగే కుక్క కరవదని మన సామెత. ఈ ఆటలో అది అక్షరాలా రూలు. మైదానంలో ఆరు గుడారాల్లాంటి చాటులుంటాయి, ఒకదాంట్లో హెల్పర్ కదలకుండా నిలబడతాడు. కుక్క అతన్ని కనిపెట్టి ఎదురుగా నిలబడి ఆగకుండా మొరగాలి, ముట్టుకోకూడదు. కదలని మనిషిని కరిస్తే మార్కులు పోతాయి. కంచె బయటినుంచి చూసినవాళ్లకి కరిచే కుక్కల్ని తయారుచేస్తున్నట్టు అనిపిస్తుంది. ఎవరైనా అలా అంటే లోపలికి పిలిచి ఈ భాగం చూపించండి. ఇంటికి కాపలా కోసం కుక్కను "కోపిష్టిని చేయండి" అని వచ్చేవాళ్లని మాత్రం మర్యాదగా పంపేయండి. అందరికీ తలుపు తెరవాలన్నానని వీళ్లకి కూడా తెరవాల్సిన పని లేదు.

8. మొదటి పరీక్ష, మొదటి పోటీ

ఐజీపీకి ముందు బీహెచ్ అనే తోడు కుక్క పరీక్ష పాసవ్వాలి. కుక్కకి కనీసం 15 నెలలు నిండాలి, ఐజీపీ 1కి 18. బీహెచ్‌లో తాడుతోనూ, తాడు లేకుండానూ పక్కన నడవడం, గుంపులోంచి వెళ్లడం, కూర్చోబెట్టి వెళ్లిపోవడం, పడుకోబెట్టి పిలవడం ఉంటాయి. ఇవన్నీ ఒక కుక్క చేస్తున్నంతసేపూ రెండో కుక్క మైదానం పక్కన పడుకునే ఉండాలి, యజమాని దూరంగా నిలబడతాడు. చాలా కుక్కలు ఫెయిలయ్యేది ఇక్కడే, లేచి యజమాని దగ్గరికి నడిచొచ్చేస్తాయి, పాపం, ఎంత ప్రేమతోనో. మైదానం భాగం అయ్యాక రోడ్డు మీద సైకిళ్లు, పరిగెత్తేవాళ్లు, బళ్ల మధ్య కుక్క ఎలా ఉంటుందో చూస్తారు.

కాబట్టి పోటీకి నెల ముందు రెండు పూర్తి రిహార్సల్స్ పెట్టండి, ఒకటి మీకు అలవాటు లేని మైదానంలో. ఒకరు జడ్జిగా నటించి చేతులు కలిపి పేరు అడగాలి, ఎందుకంటే అసలు జడ్జి దగ్గరికి వెళ్లగానే యజమాని గొంతు మారిపోతుంది, కుక్క ఆ గొంతు గుర్తుపట్టదు. తిండి లేకుండా మొత్తం వరస ఒక్కసారి చేయించి, అయిపోగానే బండి దగ్గర పెద్ద బహుమతి ఇవ్వండి. మైదానం బయట బహుమతి ఉందని కుక్క నమ్మాలి. ఐజీపీ ఒబీడియన్స్‌లో తుపాకీ చప్పుడు కూడా ఉంటుంది, దాన్ని చాలా దూరంనుంచి మొదలుపెట్టి వారాల తరబడి దగ్గరికి తేవాలి.

మీరే పోటీ నిర్వహిస్తుంటే జడ్జిని, తేదీని నెలల ముందే మీ జాతీయ సంస్థ ద్వారా ఖాయం చేసుకోండి. ఆ రోజు కుక్కతో దిగని మనుషులే ఎక్కువ కావాలి: జాడలు వేసేవాళ్లు, గుంపు, కుక్కల గుర్తింపు చిప్ నంబర్లు సరిచూసేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లకి ఈ పనులివ్వండి. జడ్జి పక్కనే నిలబడి రాసుకుంటూ ఉంటే, మార్కు ఎక్కడ పోయిందో ఆరు నెలల ప్రాక్టీసులో తెలియనిది ఒక్క పూటలో తెలుస్తుంది.

ఒక్కో కుక్క అయ్యాక జడ్జి ఏం బాగుందో, ఏది పోయిందో అందరికీ వినిపించేలా చెబుతాడు. ఫెయిలైనవాళ్లు అది వింటూ మైదానం మధ్యలో ఒంటరిగా నిలబడాలి. వాళ్లు గేటు దాటి బయటికొచ్చేసరికి, మొదటి రోజు వాళ్ల పక్కన నిలబడిన ఆ మనిషే గేటు దగ్గర ఉండేలా చూసుకోండి. ముందు కుక్కకి నీళ్లు పట్టమని, బోనులో పెట్టమని చెప్పాలి. మార్కుల కాగితం సంగతి సాయంత్రం చూడొచ్చు. వచ్చే ఆదివారం బోర్డు మీద మొదటి వంతు వాళ్లదే రాసేయండి.